చైనా అందాల రాణి మొగుడు

సినిమా తారల జీవితచరిత్రలు చదవని దేశం ఎన్నటికీ బాగుపడదు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు, బాగా పరిశోధించి అంటున్నాను.

"ఏ తార ఏం తింటే మాకెందుకండీ, ఎవర్ని కట్టుకుంటే మాకెందుకండీ?" అని విసుక్కునే పెద్దమనుషులున్నారు. ఆఫీసులో గుమాస్తా ఫైలు పక్కనపెట్టి ఈ కబుర్లు చదువుతూ కనిపిస్తే చాలు, వాళ్ళకి ఒళ్ళు మండిపోతుంది. అయ్యా, శాంతించండి! ఆ గుమాస్తా చేస్తున్నది లోకసేవ. నమ్మరా? అయితే సోమక్క సంగతి వినండి.

పందొమ్మిది వందల ముప్ఫై ఆరు. బస్తర్ ఇంకా రాజ్యంగానే ఉన్న రోజులు. భోపాల్‌పట్నం దిక్కున ఎక్కడో ఒక సర్కారు కచేరీ. పేరెందుకు లెండి, ఇలాంటి కచేరీకి పేరేదైనా ఒకటే! అందులో రామనర్సయ్య అని ఒక గుమాస్తా. ఆయనకి మద్రాసు నుంచి వారం వారం ఒక బొమ్మల పత్రిక వచ్చేది. ఆ పత్రికలో షూ యున్‌లీ అనే చైనా సినిమా తార జీవితచరిత్ర సీరియల్‌గా పడుతోంది.

సరిగ్గా అప్పుడే సోమక్క మొగుడు రాఘవులుని బేగారికి పట్టుకుపోయారు. బేగారి అంటే కూలి లేని చాకిరీ. అడవులు కొలిచే దొరగారి డేరాలూ పెట్టెలూ మొయ్యాలి. నాలుగు రోజులని తీసుకుపోయినవాళ్ళు పది రోజులైనా పంపలేదు. తొలకరి దగ్గరికొస్తోంది. ఇంట్లో ఎడ్లున్నాయి, విత్తనాలున్నాయి, నాగలి పట్టే మనిషే లేడు. అదునులో విత్తు పడకపోతే ఏడాదంతా గంజికి కూడా గతి ఉండదు. అందుకని సోమక్క అర్జీ రాయించి ఇచ్చి, ప్రతి సంతరోజూ కచేరీ వరండాలో కూర్చోవడం మొదలుపెట్టింది.

ఎంత అదృష్టవంతురాలు! "ఉండవమ్మా, ఈ భాగం అయిపోనీ" అని రామనర్సయ్య ఆమెకి చైనా కళాప్రపంచాన్నంతా ఉచితంగా చూపించాడు.

మొదటి సంతకి యున్‌లీ పుట్టింది. షాంఘైలో పట్టు మిల్లు కూలీ కూతురు. రెండో సంతకి పదహారేళ్ళు నిండి సబ్బు పెట్టె మీద బొమ్మయింది. ఆ బొమ్మ చూసి స్టూడియో వాళ్ళు కారు పంపారు. మూడో సంతకి మూకీల్లో వేషాలు కట్టి, వరసగా తొమ్మిది సినిమాల్లో నీళ్ళలో దూకింది. నాలుగో సంతకి టాకీలొచ్చాయి. నీ యాస పనికిరాదు పొమ్మన్నారట! పాపం ఆ పిల్ల పంతుల్ని పెట్టుకుని మాట్లాడడం మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకుంది. ఐదో సంతకి ఎవరో పత్రిక వాళ్ళు ఓట్లు వేయిస్తే గెలిచి అందాల రాణి అయింది. నెత్తిన కిరీటం పెట్టారు. రామనర్సయ్య ఆనందం పట్టలేక వరండాలో అందరికీ బెల్లం పంచాడు.

"అయ్యా, నా అర్జీ..." అంది సోమక్క.

"ఇంత శుభవార్త చెబుతుంటే ఆ ఏడుపు మొహం ఏంటమ్మా? బెల్లం తిను."

ఆరో సంతకి వానలు మొదలయ్యాయి. వాగు పొంగి తపాలా మనిషి ఇటు దాటలేదు. పత్రిక లేదు! రామనర్సయ్యకి కాలూ చెయ్యీ ఆడలేదు. "కిరీటం పెట్టారు సరే, తర్వాత ఏమైందో ఏమో!" అని వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

సోమక్కకి ఎక్కడలేని తెగింపు వచ్చింది. "నాకెరుక గదయ్యా ఏమైందో. సంతల ఉప్పు బేరగాళ్ళు చెప్పిన్రు" అంది.

అంతే! ఆరు వారాల్లో మొదటిసారి ఆమెకి పీట వేయించాడు. "చెప్పు చెప్పు!"

"ఏమున్నదయ్యా, ఆమె మొగుణ్ణి పట్టుకపోయిన్రు. ఎవరో దొర డేరాలు మొయ్యాల్నట. నాలుగొద్దులన్నరు, నలభై దాటినయి. వాన పడ్డది. చేను దున్నెటోడు లేడు. ఆమె రోజంత బాట దిక్కే చూస్తాంది. బువ్వ గూడ తింటలేదు."

"రాణికి చేనేంటి?"

"రాణైతే మాత్రం తినొద్దా అయ్యా?"

నిజమే అనిపించింది ఆయనకి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంత అన్యాయం! మనుషులేనా వాళ్ళు? అడిగేవాళ్ళు లేరనుకున్నారా?" అని బంట్రోతుని కేకేశాడు. "లక్మా, మొహరు తే!" అప్పటికప్పుడు హిందీలో ఉత్తర్వు రాసేశాడు: ఈ స్త్రీ భర్తను తక్షణం విడిచిపెట్టవలసినది. దాని మీద మొహరు, అదే సర్కారు ముద్ర, దభీమని పడింది. రిజిస్టరులో కూడా చైనా రాణి పేరు మీదే ఎక్కింది. చైనా వాళ్ళకి హిందీ వస్తుందా, బస్తర్ మొహరు వాళ్ళ దగ్గర చెల్లుతుందా అనే చిల్లర అనుమానాలు గొప్ప హృదయాలకి రావు!

సోమక్క ఇక ఆపుకోలేకపోయింది. "అయ్యా, నీ కాల్మొక్త. అది చైనా ఆమె కత కాదు, నాదే. నా మొగుడు రాఘవులు. ఆరు సంతల సంది తిరుగుతున్న."

రామనర్సయ్య కన్నీళ్ళు ఠక్కున ఆగిపోయాయి.

"ఓస్, రాఘవులు సంగతా! దానికా ఇంత గొడవ? అది విచారణలో ఉంది, వచ్చే సంతకి రా. అనవసరంగా నన్ను ఏడిపించావు! ఆ కాయితం తీసుకెళ్ళి అవతల పారెయ్."

సోమక్క చెప్పిన మాట వినే మనిషి. కాయితం తీసుకుని అవతలికి పోయింది. ఎంత అవతలికంటే, రెండు రోజుల నడక దూరంలో దొరగారి డేరాలున్న చోటికి. అక్కడి జమాదారుకి చదువు రాదు కానీ మొహరు ఎక్కడున్నా గుర్తుపడతాడు. "ఎవర్ని వదలాలి?" అన్నాడు. "నా పెనిమిటిని" అంది సోమక్క. రాఘవులు నెత్తి మీది పెట్టె దించి ఆమె వెంట నడిచాడు. ఆ వారంలోనే చేలో విత్తు పడింది. నాగలి వెనక గింజలు వేస్తూ సోమక్క వెక్కివెక్కి ఏడ్చింది. ఆరు సంతల ఏడుపు కదా మరి!

తర్వాత వాగు తగ్గి పత్రిక వచ్చింది. చూస్తే యున్‌లీకి అసలు పెళ్ళే కాలేదట! రామనర్సయ్య ఒక పూట అన్నం మానేశాడు. కానీ మొహరు పడిన ఉత్తర్వుని కొట్టెయ్యడం ఎవరి తరం? ఆ ఏడు తనిఖీకి వచ్చిన అధికారి, "బేగారి నుంచి ఎవర్నైనా విడిపించారా?" అని అడిగితే రిజిస్టరు తీసి చూపించాడు. "ఒకరిని విడిపించాం హుజూర్. చైనా అందాల రాణి భర్తని." అధికారి మెచ్చుకుని సంతకం పెట్టాడు. రాఘవులు పేరుకి ఎదురుగా మాత్రం విచారణలో ఉందనే రాసి ఉంది.

ఇప్పుడు చెప్పండి, తారల కబుర్లు దండగేనా? ఆ రోజు రాఘవులుతో పాటు ఇంకో ఇరవై మందిని పట్టుకుపోయారు. వాళ్ళ ఆడవాళ్ళూ కచేరీకి వచ్చారు. కాకపోతే యున్‌లీ పుట్టగానే విసుగెత్తి లేచిపోయారు. కళల మీద బొత్తిగా ఆసక్తి లేని మనుషులు! వాళ్ళ ఇరవై చేలల్లోనూ ఆ ఏడు గడ్డే మొలిచింది.