లోపలికి రిఫర్ చేయడమైనది

తిండి మానేసిన మనుషులను ఫోన్లోకి పంపించే పని ఆ ఊరి ప్రభుత్వాసుపత్రిలో రెండేళ్లుగా హెడ్ నర్సు నాగరత్నం చేతుల మీదుగానే జరుగుతోంది. పెద్ద కష్టమైన పనేమీ కాదు. రోగి ఇంటివాళ్లు తెచ్చిన ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టాలి. ఛార్జింగ్ ఎనభై శాతానికి తగ్గకూడదు. ఒంటిమీది నగలు, వాచీ, చెప్పులు తీయించాలి. తినుబండారాలు ఏమైనా ఉంటే తీసి పక్కన పెట్టించాలి. కట్టుబట్టలు అడ్డం రావు. రోగి కుడిచేతి బొటనవేలు తెరకు ఆనించాక నాగరత్నం తన కంప్యూటర్లో 'రిఫర్' అన్నచోట నొక్కుతుంది. ఇంజెక్షన్ వేసినంతసేపు పడుతుంది. ఆ తర్వాత కుర్చీ ఖాళీగా ఉంటుంది, కుర్చీ కింద చెప్పులుంటాయి, ఫోన్లో అరంగుళం గడిలో రోగి కూర్చుని ఉంటాడు. చెప్పులు మరిచిపోకండని గోడకు కాగితం అంటించారు. అయినా మరిచిపోతారు. బీరువా వెనక రెండు బస్తాలు పోగయ్యాయి.

అంతకుముందు ఈ రోగులకు తొమ్మిదో నంబరు గది ఉండేది. అందులో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. వైద్యమంటే రోగి పక్కన కూర్చుని తనూ తినడమే. నాగరత్నం ఒక ట్రాక్టరు డ్రైవరు పక్కన కూర్చుని తొంభై రోజులు పెరుగన్నం తింది. మొదటి నెలంతా అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. రెండో నెలలో ఒకరోజు, "మీ ఆవకాయ బాగా ఎర్రగుందే" అన్నాడు. మూడో నెలలో అడిగి వేయించుకున్నాడు. అతను నడిచి ఇంటికి వెళ్లిపోయాడు కానీ, ఒక నర్సు తొంభై రోజుల్లో ఒకే ఒక్క రోగికి అన్నం తినిపించిందని తేలడంతో పైనుంచి మెమో వచ్చింది. ఆ వెనకే వర్చువల్ వైద్యం వచ్చింది. రాజధానిలో ఉండే డాక్టరు ఒక్కరే ఒకే పూట ఆరువందల మందితో భోజనానికి కూర్చోగలరు. తొమ్మిదో గదిలో ఇప్పుడు ఛార్జింగ్ పాయింట్లున్నాయి.

ఇప్పటికి నూటపదకొండు మందిని పంపింది నాగరత్నం. తిరిగొచ్చినవాళ్లు ఎందరన్న గడిలో సున్నా ఉంది. ఆ గడి నివేదికలో రెండో పేజీలో ఉంటుంది. రెండో పేజీని ఎవరూ ప్రింటు తీయరు.

నూటపన్నెండో రోగి పేరు ప్రసూన. ఇంటర్ రెండో సంవత్సరం. తల్లి సామ్రాజ్యం బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి నడుపుతుంది. తెల్లవారేసరికి రెండొందల మందికి పెట్టే చెయ్యి ఆమెది. కాలేజీ బస్సులో ఎవరో ప్రసూనను 'ఇడ్లీ' అన్నారు. అందరూ నవ్వారు, ప్రసూన కూడా నవ్వింది. ఆ మర్నాటి నుంచి తల్లి పెట్టిన ఇడ్లీలు పుస్తకాల సంచీలోకి, సంచీలోంచి మురిక్కాలవలోకి వెళ్లడం మొదలైంది. తల్లి అడిగితే "తిన్నానమ్మా" అనేది. సామ్రాజ్యానికి ఈ సంగతి తెలిసేసరికి ఎనిమిది నెలలు గడిచి, పిల్ల మెట్టు ఎక్కితే ఆయాసపడే స్థితికి వచ్చింది.

"ఇక్కడే పెట్టుకోండమ్మా దీన్ని. రోజూ నేనొచ్చి కూసుంటా" అంది సామ్రాజ్యం.

"ఇక్కడ దీనికి డాక్టరు లేరమ్మా. లోపలున్నారు."

"లోపలంటే ఏ వార్డు?"

నాగరత్నం ఫోన్ చూపించింది. సామ్రాజ్యం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత దాంట్లో పట్టుద్దా ఇది?"

"అందరూ పడతన్నారమ్మా."

"అక్కడ బరువు చూస్తారా?" అని అడిగింది ప్రసూన. ఆసుపత్రికి వచ్చాక ఆ పిల్ల నోరు తెరవడం అదే మొదటిసారి.

"అక్కడ బరువుండదు" అంది నాగరత్నం. అది నిజమే. కరపత్రంలో కూడా రాసి ఉంది.

ప్రసూన తనే చెప్పులు విడిచి, తనే వేలు పెట్టింది. ఏడ్చే రోగుల కన్నా ఇలా చకచకా వెళ్లిపోయేవాళ్లను చూస్తేనే నాగరత్నానికి 'రిఫర్' నొక్కడం ఆలస్యమయ్యేది. సామ్రాజ్యం ఖాళీ కుర్చీని ఒకసారి తడిమి చూసి, చెప్పులు సంచీలో వేసుకుని, ఫోన్‌ను రవికలో పెట్టుకుని వెళ్లింది. ఆమె మరిచిపోలేదు.

ఆ తర్వాత అంతా పద్ధతి ప్రకారం సాగింది. మూడు పూటలా డాక్టరు తెర మీదికి వచ్చి, ఆరువందల గడులను చూసి చిరునవ్వు నవ్వి, ముద్ద తీసుకుంటున్నట్టు ఊహించుకోండి అనేవారు. అందరూ ఊహించుకునేవారు. ప్రసూన బాగా ఊహించుకుంటోందని వారం వారం నివేదిక వచ్చేది. సామ్రాజ్యం ఫోన్‌ను బండి రాటకు తాడుతో కట్టి, ఎవరైనా ఫోన్ చేస్తే ఆ అదురుకు పిల్ల కింద పడిపోతోందని, చుట్టాలందరికీ చేయొద్దని చెప్పింది. రోజూ మొదటి వాయ దించగానే పళ్లెంలో రెండు ఇడ్లీలు పెట్టి తెరకు ఎదురుగా పట్టుకునేది. ఆవిరికి తెర మసకబారేది. ప్రసూన లోపలి నుంచి చేత్తో తుడిచేది.

నలభై ఒకటో రోజున సామ్రాజ్యం బండి వదిలేసి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. చేతికి పిండి అలాగే ఉంది.

"నాగరత్నమ్మగారూ! చట్నీ ఏం చేశావని అడిగిందండీ! పల్లీలా కొబ్బరా అని అడిగింది. ఆకలేస్తందంట!"

నాగరత్నం ఫోన్ అందుకుంది. గడిలో ప్రసూన మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. "నిజంగానే వేస్తందా?" అని అడిగితే తలూపింది. "ఇక్కడేం లేదాంటీ. ఊహించుకోటమే" అంది. నాగరత్నం కుర్చీలోంచి లేచింది. క్యూలో ఉన్నవాళ్లను ఆగమంది. ఆవకాయ ఎర్రగుందన్న మాట విన్న రోజు తర్వాత మళ్లీ ఆమె ఆ నడవాలో అంత గబగబా నడిచింది ఆరోజే.

సూపరింటెండెంటు గంగాధరరావుగారు చెడ్డమనిషి కాదు. ఓపిగ్గా విన్నారు. రోగిని బయటికి తీయాలంటే బరువు పెరిగినట్టు ఆధారం కావాలని చెప్పారు.

"లోపల బరువుండదు కదండీ" అంది నాగరత్నం.

"అదీ నిజమే" అని ఆయన ఆలోచించి, మందుల షాపు తక్కెడ తెప్పించి ఫోన్‌ను తూచారు. చేర్చుకున్న రోజు కాగితంలో ఎంత రాసుందో అంతే ఉంది. "చూశారా, పెరగలేదు" అన్నారు నొచ్చుకుంటూ.

"తినకుండా ఎట్టా పెరుగుద్దయ్యా? బయటికి తీస్తే గదా పెట్టేది?" అంది సామ్రాజ్యం.

"తింటే గదమ్మా బయటికి తీసేది" అన్నారాయన. ఇద్దరూ చెప్పింది న్యాయంగానే ఉండటంతో తక్కెడను మందుల షాపుకు తిప్పి పంపించారు.

నాగరత్నం రాజధానికి ఫోన్ చేసింది. ఫిర్యాదుల జాబితాలో ఆకలి లేదని, దగ్గరగా ఉన్నది 'కడుపులో అసౌకర్యం' అని, అది రాసుకుంటామని అవతలి అమ్మాయి చెప్పింది. సాయంత్రానికి ప్రసూన నివేదికలో 'మెరుగుదల' పోయి 'క్షీణత' వచ్చింది. ఆకలి తగ్గేదాకా సెషన్లు రెట్టింపు చేశారు.

మర్నాడు నాగరత్నం బస్టాండుకు వెళ్లి, ఎనిమిది ఇడ్లీలు, చట్నీ పొట్లం కట్టమంది. ఎందుకని సామ్రాజ్యం అడిగింది. నాగరత్నం పొట్లాన్ని చీర కొంగులో పెట్టి ముడివేసి బొడ్లో దోపుకుని, "కట్టుబట్టలు అడ్డం రావమ్మా" అని మాత్రం చెప్పింది.

లోపలికి వెళ్లాలంటే రోగి అయి ఉండాలి. కాబట్టి తన పేరు మీద ఫారం తీసింది. వందమందికి పైగా తను చదివి వినిపించిన ప్రశ్నలే అవి. అబద్ధాలు రాయాల్సి వస్తుందనుకుంది. భోజనం తరచుగా మానేస్తారా? మధ్యాహ్నం రెండున్నర దాకా క్యూ ఉంటుంది, ఆ తర్వాత ఫైళ్లు. అవును. ఒంటరిగా తింటారా? అవును. తెచ్చుకున్నది తినకుండా తిరిగి తీసుకెళ్లడమో పారేయడమో చేస్తారా? డబ్బాలో అన్నం కుక్కకు పెట్టడం పారేయడం కిందికి వస్తుందా అని ఒక్క నిమిషం ఆలోచించి, అవునంది. తినలేదన్న సంగతి ఇతరుల దగ్గర దాస్తారా? అడిగేవాళ్లెవరూ లేరు, కానీ ఆ సమాధానానికి గడి లేదు. అన్నీ నింపాక మార్కుల మొత్తం వచ్చింది. ప్రసూనకు వచ్చినదానికన్నా ఎక్కువ. నాగరత్నం కాగితం మీద మళ్లీ కూడి చూసుకుంది, అంతే వచ్చింది. బయట నడవాలో ఎవరో దగ్గుతున్నారు.

గంగాధరరావుగారు ఫారం చూసి, "మీరా? మరి డెస్కు ఎవరు చూస్తారు?" అన్నారు.

"లోపల్నించి చూస్తానండి. నెట్ ఉంటది గదా."

"అయితే సెలవు అక్కర్లేదన్నమాట" అని ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకుని సంతకం చేశారు.

ఆమె చెప్పులు విడిచి, డెస్కు మీది ట్యాబుకు వేలు ఆనించి, రెండో చేత్తో తనే నొక్కుకుంది.

లోపల తెల్లగా ఉంది. వేడి లేదు, చలి లేదు, వాసన అసలే లేదు. గడుల వరస కనుచూపు ఆనినంత దూరం ఉంది. తను పంపినవాళ్లంతా ఎవరి గడిలో వాళ్లు మర్యాదగా కూర్చుని ఉన్నారు. కొందరు గుర్తుపట్టి నమస్కారం పెట్టారు. ఒక గడి మాటలు ఇంకో గడిలోకి పోకుండా మైకులు ఆపి ఉండటంతో పెదాలు మాత్రం కదిలాయి. నాగరత్నం ప్రసూన గడి వెతుక్కుంటూ వెళ్లి, పక్కన చతికిలబడి, కొంగు ముడి విప్పింది.

ఇడ్లీలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. ఆ తెలుపంతటిలో కరివేపాకు వాసన లేచింది. చుట్టుపక్కల గడుల్లో తలలు ఇటు తిరిగాయి.

"మా అమ్మ చేసినయ్యేనా?" అంది ప్రసూన.

"మీ అమ్మవే. నువ్వొకటి, నేనొకటి."

ప్రసూన చాలాసేపు చూసింది. నాగరత్నం తొందరపెట్టలేదు. తను ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని మెల్లగా నమిలింది. "బస్సులో నన్ను..." అని ప్రసూన మొదలుపెట్టి ఆపేసింది. "తెలుసమ్మా" అంది నాగరత్నం. ఆ తర్వాత పిల్ల ఒక ముక్క తుంచింది. మూడు ఇడ్లీలు పూర్తయ్యేసరికి వెక్కిళ్లు వచ్చాయి. అవి ఏడుపు వల్లో చట్నీ కారం వల్లో తెలియలేదు.

లోపల మనిషికి బరువుండదు కానీ తిన్నదానికి ఉంటుందని అప్పుడే తెలిసింది. బస్టాండు దగ్గర బండి రాటకున్న తాడు తెగి ఫోన్ పిండి గిన్నెలో పడింది. సామ్రాజ్యం దాన్ని కడిగి తుడిచి ఆసుపత్రికి తెచ్చింది. గంగాధరరావుగారు రెండుసార్లు తూచి, ఫార్మసిస్టును సాక్షిగా పిలిచి మూడోసారి తూచి, బరువు పెరిగినట్టు రాశారు. లోపలి నుంచి నాగరత్నం 'తిరిగి రాక' నొక్కింది. కుర్చీలో ప్రసూన ఉంది. సామ్రాజ్యం సంచీలోంచి చెప్పులు తీసి, కింద కూర్చుని, కూతురి కాళ్లకు తొడిగింది.

నాగరత్నం మాత్రం రాలేదు. రోగిని బయటికి తీసే సంతకం రిఫరల్ నర్సు చేయాలి. రోగీ నర్సూ ఒకరే అయితే చెల్లదు. ఇంకొక నర్సును వేయమని కాగితం పెట్టారు. డెస్కు నడుస్తూనే ఉంది కదా, ఖాళీ ఎక్కడుందని జవాబు వచ్చింది.

మిగిలిన ఇడ్లీలను ఆమె గడి గడికీ తీసుకెళ్లింది. చాలామంది మొహం తిప్పుకున్నారు. ఒక రిటైర్డ్ టీచరు చిన్న ముక్క తీసుకుని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. తినలేదు, పారేయలేదు. అది మంచి గుర్తేనని నాగరత్నానికి తెలుసు. ఇంకో ఎనభై రోజులు పక్కన కూర్చోవాలి. కానీ బయట క్యూలో పద్నాలుగు మంది ఉన్నారు. కొత్తగా వచ్చే రోగుల కొంగుల్లో పంపుతానంది సామ్రాజ్యం. రెండుసార్లు పంపింది కూడా. మూడోవారంలో ఉత్తర్వు వచ్చింది: రిఫర్ చేయు ముందు స్త్రీల కొంగు ముళ్లు, పురుషుల పంచె ముళ్లు విప్పించి చూడవలెను. ఆ ఉత్తర్వును అమలు చేయాల్సింది రిఫరల్ నర్సే. నాగరత్నం ట్యాబులోంచి ప్రతి ఒక్కరికీ చెప్పి విప్పిస్తోంది.

నెలాఖరు నివేదికలో ప్రసూన పేరు ఎక్కడ రాయాలో తేలలేదు. రెండో పేజీలో సున్నాను ఒకటి చేసినా, మొదటి పేజీలో 'నయమైనవారు' అన్న గడి లేదు. ఉన్న వాటిలో సరిపోయేది 'చికిత్స మధ్యలో మానివేసినవారు' ఒక్కటే. నాగరత్నం అక్కడే ఒకటి వేసింది. రెండేళ్లలో మొదటి వైఫల్యానికి సంజాయిషీ అడిగారు, ఇచ్చింది.

ప్రసూన మళ్లీ కాలేజీకి వెళ్తోంది. కొన్ని రోజులు తింటుంది, కొన్ని రోజులు తల్లి పక్కన కూర్చుంటే తింటుంది. సామ్రాజ్యం బండి కట్టేశాక రోజూ మధ్యాహ్నం ఆసుపత్రికి వచ్చి, క్యూ పక్కనుంచి తల వంచి ట్యాబులోకి చూస్తుంది.

"తిన్నారా నాగరత్నమ్మగారూ?"

"తిన్నానమ్మా" అంటుంది నాగరత్నం.

ఆ మాట ఎలా ఉంటుందో కూతురి నోట ఎనిమిది నెలలు విన్న మనిషి సామ్రాజ్యం. ఆ మాట నమోదై, నాగరత్నం పేరు ఎదుట మెరుగుదల అని వస్తుంది. వెనకనున్నవాళ్లు జరగమంటారు, సామ్రాజ్యం జరుగుతుంది.