రాజుగారి అకాల మరణం

"బోధించేవాడు బతికినంతకాలం విద్యార్థే!" అని విజయవాడ శిక్షణ కేంద్రంలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఆ ముక్క వెంకటకృష్ణారావు మాస్టారికి తెగ నచ్చింది. తనకు తప్ప మిగతా నలభై మంది టీచర్లకీ అది అక్షరాలా వర్తిస్తుందని ఆయన నమ్మకం. చల్లపల్లి పక్కన హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా పదో తరగతికి ఇంగ్లీషు నాటకం చెబుతున్నారాయె! పైగా అత్తగారిది కూచిపూడి. అభినయం పెళ్లినాడే ఒంటబట్టిందని ఆయన ఉద్దేశం.

నాటకం గొప్పదే. నిజం చెప్పిన మంత్రిని ఓ రాజు దేశం నుంచి వెళ్లగొట్టి, చివరికి పశ్చాత్తాపంతో ఆ మంత్రి ఒళ్లోనే ప్రాణం విడుస్తాడు. అలాగని గైడులో ఉంది. గైడు అట్ట మీద 'అనుభవజ్ఞులైన ఉపాధ్యాయ బృందం' అని ఉంటుంది. ఆ బృందమంతా మాస్టారొక్కరే! అసలు నాటకంలో ఆయన పన్నెండో పేజీ దాటిన పాపాన పోలేదు. చూసి రాయడానికి పాత గైడు ఉండగా పేజీలు తిప్పడం దేనికి?

ఈసారి శిక్షణలో గైడ్లు నిషిద్ధం. టీచర్లే వేషాలు పంచుకుని నాటకాన్ని మొదట్నుంచి చివరిదాకా పైకి చదవాలట. రాజు వేషం మాస్టారిదే, అడిగేదేముంది! మంత్రి వేషం కైకలూరు నుంచి వచ్చిన కొత్త టీచరు నాగమల్లేశ్వరికి దక్కింది.

ఐదో అంకం మొదలైంది. మాస్టారు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. గుండె పట్టుకున్నారు. కుర్చీలో వెనక్కి వాలి, ఇంగ్లీషులో ఓ మూలుగు మూలిగి, ప్రాణం విడిచారు. ఒకటే చప్పట్లు! ఎలిజబెత్ టీచరు కొంగుతో కళ్లొత్తుకుంది.

"సార్, లేవండి. మీరింకా రెండు పేజీలు మాట్లాడాలండీ," అంది నాగమల్లేశ్వరి మెల్లగా.

చచ్చిన రాజు ఒక కన్ను తెరిచాడు.

"ఇందులో రాజు చావడండీ. అందరి ముందూ మంత్రికి క్షమాపణ చెబుతాడు."

హాల్లో పుస్తకాలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. కొన్ని మొదటిసారి తెరుచుకున్నాయి.

"అయ్యో దేవుడా! ఏడేళ్లుగా మా పిల్లల చేత ఈయన్ని చంపిస్తున్నానండీ!" అంది ఎలిజబెత్.

మాస్టారి గుండె ఈసారి నిజంగానే పట్టేసింది. మొన్న హాఫ్ ఇయర్లీ పరీక్షలో రుచిత అనే అమ్మాయి రాజు బతికాడనే రాసింది. ఆయన సున్నా వేశారు. "పుస్తకంలో ఉందండీ" అన్నందుకు గుమ్మం బయట నిలబెట్టారు.

మిగిలిన రెండు పేజీల క్షమాపణా చదివారు. సిగ్గుతో గొంతు వణికింది. "ఏం నటనండీ బాబూ!" అని సాటి టీచర్లు మళ్లీ చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సు ఉయ్యూరు దాటేలోగా మాస్టారు ఒట్టు పెట్టుకున్నారు, సోమవారం రుచితకి క్షమాపణ చెప్పి తీరాలని.

సోమవారం వచ్చింది. రుచిత మొదటి బెంచీలోనే ఉంది. రాజుగారి మాటలు మాస్టారి నాలుక చివరిదాకా వచ్చాయి. క్లాసంతా తనవైపే చూస్తుండేసరికి వచ్చిన దారినే వెనక్కి పోయాయి.

"పిల్లలూ, విజయవాడ నుంచి కొత్త ఉత్తర్వులొచ్చాయి. వాటి ప్రకారం రాజు చనిపోలేదు."

రుచిత లేచి నిలబడింది. "మరి నా మార్కులండీ?"

"కూర్చోమ్మా! పాత చావులకి ఈ ఉత్తర్వులు వర్తించవు."