వెన్నెముకకు సన్మానం

వేంపల్లె దగ్గరి ఒక గ్రామంలో మొన్న ఆదివారం విశ్వాసమ్మకు ఘనసన్మానం జరిగింది. కారణం, ఆమె కువైట్ నుంచి వచ్చేయడం. వచ్చింది సెలవు మీద కాదు, మొత్తానికే అని తెలియగానే ఊరు ఉలిక్కిపడి శాలువా తెప్పించింది.

ఉలిక్కిపడదా మరి? బిడ్డకు పాలు మాన్పించి, కువైట్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరిన ఈ ఇల్లాలు అక్కడ నేల తుడిచినకొద్దీ ఇక్కడ ఊరు మెరుస్తూ వచ్చింది. ఆమె అక్కడ తివాచీలు దులిపితే ఇక్కడ చర్చికి గోపురం లేచింది. అక్కడి ముసలమ్మను మంచం మీద నుంచి ఎత్తి దించితే, ఇక్కడ సర్పంచు ఓబుళేశు సిమెంటు అంగడి నిలదొక్కుకుంది. ఆమె భర్త దావీదురాజు సంగతి చెప్పనక్కర్లేదు. నెలనెలా బ్యాంకుకు పోవాలి, వచ్చింది అందుకోవాలి, ఖర్చు పెట్టాలి. పాపం, అన్నీ ఒక్కడే.

విశ్వాసమ్మకు ఈ కష్టాలేవీ పట్టలేదు. వచ్చినప్పటి నుంచి గోడకానుకుని కూర్చుంది.

"నడుము వంగడంల్యా. పూసలు అరిగిపోయినాయని ఆడ డాక్టరు చెప్పినాడు. ఇంక యాడికీ పోను. ఈడే, నా బిడ్డ కాడ ఉంటా" అంది మొగుడితో.

బిడ్డ ఆరాధన కడపలో నర్సింగు చదువుతోంది. తల్లి ముఖం ఎప్పుడూ సెల్‌ఫోన్‌లోనే చూసింది కాబట్టి, ఎదురుగా అంత పెద్దగా కనిపించేసరికి మొదట బిడియపడింది. తర్వాత తల్లి నడుముకు వేడినూనె రాసి, ఆ పక్కనే ముడుచుకుని పడుకోవడం మొదలుపెట్టింది. అది చూసి దావీదురాజుకు కడుపు తరుక్కుపోయింది. మిద్దె మీది గది ఇంకా సగంలోనే ఉంది.

సన్మాన సభలో ఓబుళేశు మైకు అందుకున్నాడు. "విలువైన విదేశీ మారకద్రవ్యాన్ని మాతృభూమికి సమర్పిస్తున్న మన విశ్వాసమ్మ ఈ దేశ ఆర్థిక వ్యవస్థకే వెన్నెముక!"

చప్పట్లు మోగాయి. వెన్నెముక కుర్చీలో కూర్చోలేక, షామియానా గుంజను పట్టుకుని నిలబడింది. వెన్నెముకకు పదవీ విరమణ ఉండదని బ్యాంకు మేనేజరుగారు సెలవిచ్చారు. ఆమె నడుముకు ఇంకో అయిదేండ్ల బలం దయచేయమని పాస్టరు గాబ్రియేలు ప్రార్థించారు. అంతలోపల గోపురానికి గంట కూడా వచ్చేస్తుందట.

మైకు ఆమెకిచ్చారు.

"నాకు శాతగాదయ్యా" అంది విశ్వాసమ్మ.

"ఆ ఇంట్లోనుంచి ఎవరో ఒకరు పోవల్ల కదప్పా" అన్నాడు ఓబుళేశు, లోకహితం కోరి. అందరూ దావీదురాజు వైపు చూశారు.

"నేను పోతే ఆడినుంచి వచ్చే దుడ్డు ఈడ ఎవరు తీసుకుంటారన్నా?" అన్నాడతను.

సహేతుకమైన ప్రశ్న. జనం తలలూపారు. అప్పుడు దావీదురాజు చూపు మెల్లగా ఆడవాళ్ల వరసలో కూర్చున్న ఆరాధన మీదికి పోయింది. దాని వెనకే ఓబుళేశు చూపు, మేనేజరుగారి చూపు, పాస్టరయ్య చూపు.

"పాపకు పాస్‌పోర్టు ఉండాదా?" అని ఎవరో శానా మర్యాదగా అడిగారు.

విశ్వాసమ్మ గుంజను వదిలి కూతురి ముందుకొచ్చి నిలబడింది. భుజం మీది శాలువా జారిపోయినా తీసుకోలేదు.

"దాని పక్క సూడొద్దండి. నేనే పోతా."

చప్పట్లకు షామియానా అదిరింది. విశ్వాసమ్మ స్వచ్ఛందంగా విశ్రాంతిని తిరస్కరించిందని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. మర్నాడు పేపర్లోనూ అలాగే వచ్చింది.

ప్రయాణం రోజు సాగనంపడానికి ఊరంతా వేంపల్లె బస్టాండుకు తరలివచ్చింది. మగవాళ్లందరూ సెల్‌ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నందువల్ల ఎవరి చెయ్యీ ఖాళీగా లేదు. విశ్వాసమ్మ వంగి పెట్టె పట్టుకుని, ఎత్తలేక అలాగే ఆగిపోయింది. ఆరాధన ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి పెట్టె మీద చెయ్యేసింది.

దావీదురాజు గబగబా అడ్డం వచ్చాడు. కన్నతండ్రి ప్రాణం ఊరుకోదు కదా.

"నువ్వు ఎత్తగాకమ్మా! నడుము జాగ్రత్త. ముందుముందు పనికొస్తాది."