సినిమా పేరు పడేదాకా

చాయ ఎవరు పెట్టాలనే ఘోర వాగ్యుద్ధం అప్పటికే మూడో విడతకు చేరుకున్నది. అది ఆదివారపు అపరాహ్ణం; సిరిసిల్ల జనం సాంచాలని పిలుచుకునే మరమగ్గాలు, వారమంతా దిక్కులు దద్దరిల్లజేసి, సెలవు పుచ్చుకుని మౌనవ్రతం పట్టిన పుణ్యముహూర్తం. తంగళ్ళపల్లి తోవలోని ఒక రెండు గదుల ఇంట, కిటికీలకు దుప్పట్లు కట్టి సృష్టించిన అకాలాంధకారంలో, టీవీ ముందర, దయ్యాల సినిమా ప్రారంభం కానున్నది.

"సినిమా షురువైతాంది. జెప్పన చాయ పెట్టుకరాపో," అన్నాడు దిండుపై శయనించిన గృహాధిపతి, పక్క షెడ్డులోని ఎనిమిది సాంచాల ఏలిక, మనోహర్.

"పేరు పడ్డంక పెడ్త," అన్నది ఆయన ధర్మపత్ని ప్రవీణ.

"పేరు పడేదాక ఏముంటదే? ఉత్త వాన, ఉత్త చీకటి," అన్నది అత్త దేవవ్వ.

అయ్యో, దేవవ్వ ఎరుగదు! కుంభవృష్టి, ఊరికి దూరంగా బంగ్లా, పోయిన కరెంటు, కిర్రుమనే తలుపు, వీటన్నిటి నడుమ పేరు పడకముందే రాలిపోయే ఒక ప్రాణం: ఆ తొలి మరణమే దయ్యాల కథకంతటికీ మూలకందం. ఇరవై రెండేళ్ల కాపురంలో, పాలు పొంగుతున్నాయనో, పల్లీలు మాడుతున్నాయనో, ప్రతి సినిమా ఆరంభంలోనూ వంటింటి చెరలో మగ్గి, ఆ మరణాన్ని ఒక్కసారైనా కన్నులారా చూడలేక, తక్కిన రెండు గంటలూ "గా దయ్యం ఎవలు? ఎందుకు పగవట్టింది?" అని అడిగి అడిగి, కూతురు భాగ్యశ్రీ విసిరే "అబ్బా, ఆగమ్మా!" అనే వాగ్బాణాలకు తూట్లుపడిన వీరనారి ప్రవీణ, నేడు చాప మీద అచలంగా ఆసీనురాలై ప్రతిజ్ఞ చేసింది.

"పాలిరిగిపోనీ, సుట్టాలు రానీ, ఇయ్యాల ముందుగాల సచ్చేది ఎవలో నా కండ్లతోని సూస్త. గప్పటిదాక పొయ్యి ముట్టియ్య!"

తెర వెలిగింది. వాన కురిసింది. బంగ్లాలో కరెంటు పోయింది. మేడ మీద ఏదో చప్పుడైంది. లాంతరు పక్కన కుర్చీలో ఉన్న పెనిమిటి పేపరు దించకుండానే, ఇల్లాలితో "పోయి చూసిరా," అన్నాడు. ఆ ఇల్లాలు కొవ్వొత్తి పట్టుకుని ఒంటరిగా మెట్లెక్కింది. అంతలో వాన హోరు, ఉరుము, సంగీతం, సమస్తనాదాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

పద్మశాలీల ఇంట చప్పుడుకు ఎవరూ బెదరరు. చప్పుడు ఆగితేనే గుండె గుభేలుమంటుంది. ఎక్కడో పోగు తెగి మగ్గం ఆగినట్టు.

"సాంచ ఆగింది! ప్రవీణా, ఉరికి సూడు!" అని మనోహర్ దిండు మీంచి సింహనాదం చేశాడు.

హా దైవమా! ఇరవై రెండేళ్ల అలవాటు ఆమె కుడిమోకాలిలో సైన్యసమేతంగా తిరుగుబాటు లేవదీసింది. మోకాలు లేచింది. మడమ నేలను తన్నింది. అయినను ఆ ధీర, కొంగు నడుముకు బిగించి, చాప అంచును రెండు చేతులా పట్టి, ద్రోహియైన మోకాలిని అణచి, రెప్ప వాల్చక కూర్చున్నది.

"బాపూ, ఇయ్యాల సాంచలు బందేనాయె!" అని నవ్వింది భాగ్యశ్రీ.

"అయితేంది, ఎందుకన్న మంచిది, ఒక్కసారి పోయి సూసి..."

మేడ మీద తలుపు తెరుచుకున్నది. తెల్లని చేయి వచ్చింది. కొవ్వొత్తి ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ కిందికి దిగింది. పెనిమిటి పేపరు తిప్పాడు. అప్పుడు, నెత్తుటి రంగు అక్షరాలలో, సినిమా పేరు పడింది.

వినుడు దిక్కులారా! తొమ్మిది నిమిషాల ఆ మహాసంగ్రామంలో చాప మీది చోటును జానెడైనా వదలక ప్రవీణ గెలిచింది!

"సూసినవా, అమ్మా?"

"సూసిన."

"ఇగ చాయ?" అన్నాడు మనోహర్, మెల్లగా.

ప్రవీణ తెర మీంచి చూపు తిప్పలేదు. గొంతూ పెంచలేదు. ముగ్గురికీ వినబడేటట్టు మాత్రం చెప్పింది.

"లేసిపోయినామె సచ్చింది. పంపినాయన కుర్చీలనే ఉన్నడు. ఇగ మనింట్ల సప్పుడైనా, సప్పుడాగినా, చాయ యాదికొచ్చినా, యాదికొచ్చినోల్లే లేవాలె."