కాకుల వల

శనివారం పొద్దున చిహయా వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. మూడు నెలలు కూర్చుని తన చేత్తో కుట్టుకున్న పన్నెండు వరసల కుచ్చుల గౌను తొడుక్కుని, వింత ఫ్యాషన్లకి పేరుపడ్డ హరాజుకు అనే వీధిలో నిలబడాలి. ఫ్యాషన్ పత్రిక ఫొటోగ్రాఫర్ వస్తాడు. పత్రికలో ఫొటో పడుతుంది. తనలాంటిది తనొక్కతేనని లోకానికి తెలుస్తుంది. అదే సంగతి లోకానికి చెప్పడానికి అలాంటి గౌన్లలోనే ఇంకో పదకొండు మంది ఆమె పక్కన నిలబడి ఉన్నారు.

తీరా చూసుకుంటే తలమీద పెట్టుకోవాల్సిన స్ట్రాబెర్రీల కిరీటం ఇంట్లో మర్చిపోయింది. ఏడుపు గొంతుతో నాన్నకి ఫోన్ చేసింది.

ఆ రోజు పేటలో చెత్త దగ్గర కాపలా వంతు ఆమె తండ్రి కుసాకాది. కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతులకి తొడుగులు, మెడలో తువ్వాలు. చెత్తసంచుల మీద కాకులు వాలకుండా కప్పే పచ్చవల భుజాన ఉంది. చెత్తబండి వెళ్ళిపోయింది కాబట్టి ఆ వలని పేట సంఘం పెద్దావిడ ఒగిసో గారికి అప్పజెప్పాలి. పిల్ల ఏడుస్తుంటే అవన్నీ ఎవరికి గుర్తుంటాయి? ఉన్నపళంగా కిరీటం పట్టుకుని రైలెక్కేశాడు.

"ఆ వేషమేంటి నాన్నా? పరువు తీశావు. అవతలికి పో. నేనెవరో తెలీనట్టుండు," అంది చిహయా కిరీటం లాక్కుంటూ.

ఆయన బుద్ధిగా పది అడుగులు పక్కకి జరిగాడు. ఫొటోగ్రాఫర్ చూపు పన్నెండు గౌన్లనూ దాటి సరిగ్గా ఆయన దగ్గర ఆగింది.

"ఇవన్నీ ఏ కంపెనీవండీ?"

"వల వార్డు ఆఫీసులో ఊరికే ఇస్తారు."

"ఊరికేనా. దీని వెనక మీ ఆలోచన?"

"కాకులు రాకూడదని."

"నిజమే, మన చుట్టూ ఎన్ని కాకులో," అని ఫొటోగ్రాఫర్ కళ్ళు తుడుచుకుని రాసుకున్నాడు. "మీతో ఇంకెవరైనా వచ్చారా?"

చిహయా కుచ్చులు సర్దుకుని నవ్వుతూ ముందుకొచ్చింది.

"లేరండీ," అన్నాడు కుసాకా, ఇచ్చిన మాట తప్పని మనిషి. "ఆ అమ్మాయెవరో నాకు తెలీదు."

పత్రికలో ఆయన ఫొటో పడి వారం తిరిగేసరికి హరాజుకులో నలభై మంది, ఎవరికి వారే ప్రత్యేకంగా, పచ్చవలలు కప్పుకుని నిలబడ్డారు. పేటలో చెత్త దగ్గర ఒక్క వలా మిగల్లేదు. కాకులకి పెళ్ళిభోజనం దొరికింది.

ఒగిసో గారు వచ్చి తలుపు తట్టింది. చిహయా మళ్ళీ అదే గౌనులో బయల్దేరుతోంది.

"మీ నాన్న ఏడమ్మా?"

"ఫొటో తీస్తామంటే వెళ్ళారండీ," అంది చిహయా ఒళ్ళు మండిపోతూ.

"అయితే వంతు నీదే. చీపురు పట్టుకో."

"ఈ గౌనుతోనా?"

"వల పోగొట్టింది మీ ఇల్లేగా. పద."

చిహయా కన్నీళ్ళు దిగమింగుకుంటూ చెత్తసంచుల ముందు నిలబడింది. కాకులు ఆ పన్నెండు వరసల్నీ, ఆ స్ట్రాబెర్రీల్నీ ఒకసారి చూశాయి. అన్నీ కలిసి కరెంటు తీగల మీదికి ఎగిరిపోయి, బండి వచ్చేదాకా మళ్ళీ దిగలేదు. ఒగిసో గారు కళ్ళారా చూసి, ఫోన్ తీసి ఫొటో తీసింది.

మర్నాడు ఇంటింటికీ తిరిగే సంఘం నోటీసు అట్టమీద చిహయా నిలువెత్తు ఫొటో పడింది. కింద "కాకుల నివారణ, ప్రతి శనివారం" అని ఉంది.

అలాంటిది ఆమె ఒక్కతేనని పేటంతా ఒప్పుకుంది. వంతు పంచుకోవడానికి ఇంకెవరూ రాలేదు.