గిన్నెలు మోగిన ఇళ్లు

సుబ్బరత్నం పోయిన రోజుతో ఆ నోటుబుక్కులో రాత ఆగిపోయింది. అరవై తొమ్మిదిలో భద్రాచలం దిక్కు భూమి కదిలినప్పటి నుంచి, వంటింట్లో గిన్నెలు మోగినప్పుడల్లా ఆమె తేదీ రాసేది. నాలుగేళ్లలో నలభై ఒక్క అదురులు. ఆమె భర్త, లెక్కల మాస్టారు వెంకటప్పయ్యకు ఒక్కటీ తెలియలేదు. ఆమె చెబితే తెలిసేది.

చిన్నవి ఎన్ని వచ్చాయో తెలిస్తే పెద్దది వచ్చే అవకాశం అంచనా కట్టవచ్చు. పది చిన్నవి వస్తే, వాటికంటే ఒక మెట్టు పెద్దది ఒకటి వస్తుందని లెక్క. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన ఆ అంచనాకు ఆమె పోయాక ఖాళీగా మిగిలిన మూడు నెలలే అడ్డం. ఒక ఆదివారం ఉదయం మాస్టారు నోటుబుక్కు పట్టుకుని పక్క తండాకు బయలుదేరాడు.

మొదటి ఇంటి ముందు హేమ్లి పప్పు ఏరుతోంది.

"ఈ మూడు నెలల్లో మీ ఇంట్లో గిన్నెలు మోగాయా అమ్మా?"

ఆమె ఆయన ముఖం చూసింది. "అవ్ సారూ, మోగినయి."

"ఎన్నిసార్లు?"

"మీకెన్ని గావాలె?"

"జరిగినన్ని చెప్పమ్మా."

"గట్లయితే నాలుగు రాసుకోండ్రి."

పక్కింటి లచ్చిరాం ఐదన్నాడు. వెనకబడటం ఇష్టం లేని హాతీరాం, ఒకసారి తన మేక కూడా పడిపోయిందన్నాడు. సాయంత్రానికి నూట పన్నెండు అయ్యాయి. ఏ రెండిళ్లవాళ్లు చెప్పిన తేదీలూ కలవలేదు. కనుక అన్నీ వేర్వేరు అదురులేనని మాస్టారు తేల్చాడు.

మూడుసార్లు లెక్క వేశాడు. నెలలోపు పెద్ద భూకంపానికి నూటికి తొంభై పాళ్లు అవకాశం. సోమవారం బడి ఆరుబయటికి వచ్చింది. మంగళవారానికి తండా అంతా మంచాలతో, కోళ్లతో చేలో ఉంది. పాల్వంచలో షిఫ్టు దిగి వచ్చిన హేమ్లి భర్త లాలుకు ఇంట్లో భార్య కనబడలేదు, అన్నమూ కనబడలేదు. ఆమెను చేలో వెతికి పట్టుకుని మాస్టారి దగ్గరికి తీసుకొచ్చాడు.

"భూమి కదిలిందని ఎవలు జెప్పిండ్రు సారూ?"

"మీ ఇంట్లోనే నాలుగుసార్లు, లాలూ."

"ఏందే, మనింట్ల ఉన్నయే రెండు గిన్నెలు గదా?"

హేమ్లి తల దించుకుంది. "దుఃఖంల ఉన్నోళ్లు గడపకొస్తే లేదనొద్దని నన్ను గన్న యాడి జెప్పింది. అవ్ అంటే సారు జరంత నవ్విండు. అందుకే అందరికీ జెప్పిన, అడిగితే అవ్ అనుండ్రని."

"అబద్ధమని తెల్సి నువ్వెందుకు చేన్ల పండుకున్నవ్?"

"సారు లెక్కేసి జెప్పినంక నమ్మకుంటెట్ల?"

మాస్టారు నూట పన్నెండూ ఒక్కొక్కటిగా కొట్టేశాడు. చాలాసేపు పట్టింది. హేమ్లి నోటుబుక్కులోకి తొంగి చూసింది.

"మరి భూమి కదిలినట్టు అమ్మగారికి ఎట్ల తెలిసేది సారూ?"

"నేను అడగలేదమ్మా."

భద్రాచలం దిక్కు భూమి మళ్లీ కదిలే అవకాశం ఎంతో మాస్టారి ఇంట్లో ఇంకా ఎవరూ తేల్చలేదు.