బిషప్పు గారి కుల ధ్రువపత్రం

ఆరు వందల ఏళ్ల కిందట జర్మనీలో దివంగతులైన బిషప్పు కాన్రాడ్ గారి జయంతిని సూర్యాపేటలో ఘనంగా జరపాలని, కొత్త బైపాసు చౌరస్తాలో వారి తొమ్మిదడుగుల విగ్రహం నిలపాలని తీర్మానించడమైనది. ఇందులో ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. పట్టణంలో ప్రతి చౌరస్తాకూ ఒక మహానుభావుడు, ప్రతి మహానుభావుడికీ ఒక సంఘం ఇదివరకే ఖాయమైపోయాయి. ఖాళీగా మిగిలిన చౌరస్తా అదొక్కటే, ఖాళీగా దొరికిన మహానుభావుడూ ఆయనొక్కడే.

ఆయన్ను వెలికితీసినవాడు శశిధర్. మోతె అనే పల్లె నుంచి వచ్చి, శ్రీహరి గారి ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్లుగా చరిత్ర చెబుతున్నాడు. పద్నాలుగేళ్లూ తాత్కాలికమే. జూన్‌లో ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక మే నెలంతా అతనికి అన్నం సయించదు. ఆ దిగులు మరవడానికే కాన్రాడ్ జీవితం మీద పరిశోధన మొదలుపెట్టాడు. కాన్రాడ్ చిన్ననాడే సన్యాసుల మఠంలో చేరాడు. భిక్షమెత్తుకుని చదువుకున్నాడు. దేవుడి గురించి పదకొండు లావుపాటి గ్రంథాలు రాసి, చివరికి బిషప్పయ్యాడు. కాకపోతే ఆయన్ను బిషప్పుగా వేసిన ఊరు సముద్రం అవతల పరాయి రాజుల చేతిలో ఉండేది. దాన్ని కంటితో చూడకుండానే కాలం చేశాడు.

ఈ చివరి సంగతి వినగానే కాలేజీ యజమాని, మిర్యాలగూడలో రెండు రైసు మిల్లులున్న శ్రీహరి గారికి బిషప్పు మీద గౌరవం పొంగుకొచ్చింది. వారు త్రిపురారం కాలువ నీటి సంఘానికి ఎనిమిదేళ్లుగా అధ్యక్షులు. ఆ కాలువ ఎటు పారుతుందో వారి డ్రైవరుకు తెలుసు.

"కాలేజీకి తనిఖీ బృందం వస్తున్నది సారూ. విదేశీ సంబంధం ఉంటె మార్కులు ఎక్కువేస్తరట. ఈ జర్మనీ ఆయన మంచిగ దొరికిండు" అని మెచ్చుకుని, అసలు సంగతికి వచ్చారు. "ఇంతకూ, మనోడేనా?"

జర్మనీ పండితులు ఆ పదకొండు గ్రంథాలకూ వ్యాఖ్యానాలు రాసి రాసి ముసలివాళ్లయ్యారు గానీ, ఈ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. సూర్యాపేటలో తట్టడానికి అర నిమిషం పట్టింది. చదువంటే అదీ.

శశిధర్ జవాబుకు బదులు పాత గ్రంథం తెచ్చి ముందు పెట్టాడు. శ్రీహరి గారు అందులోని బిషప్పు బొమ్మను పెద్దది చేయించి స్వయంగా పరిశీలించారు. నడుముకు తాడుంది. "ఇది పగ్గం. పగ్గమున్నదంటె ఎడ్లున్నయి. ఎడ్లున్నయంటె భూమున్నది. ఇగ అనుమానమేంది?" సాయంత్రానికల్లా ఫ్లెక్సీలు లేచాయి. వాటిలో శ్రీహరి గారు తలుపంత ఉన్నారు, బిషప్పు గారు తపాలా బిళ్లంత ఉన్నారు.

మర్నాడు గొర్రెల పెంపకందార్ల నాయకుడు బీరన్న యాభై మందితో ఫ్లెక్సీ కిందికి వచ్చాడు. నడుముకు తాడెవడైనా కట్టుకుంటాడు, చేతిలో ఏముందో చూడండన్నాడు. బిషప్పు చేతిలో కొన వంగిన పొడుగాటి కర్ర ఉంది. "గది గొర్లు కాసే కట్టె! మా తాత చేతిల సుత గసొంటిదే ఉండె. మా పెద్దమనిషిని పట్టపగలు గుంజుకపోతరా?" అని రోడ్డు మీద బైఠాయించాడు. మూడు గంటలు బండ్లు కదల్లేదు. ఇరువర్గాలూ విడివిడిగా పాలాభిషేకాలు చేశాయి. విగ్రహం ఇంకా రాలేదు కాబట్టి ఫ్లెక్సీకే చేశాయి. విగ్రహం చేసే కోదాడ మేస్త్రి మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. "ఒళ్లు రెడీగానే ఉందండీ, తల ఒక్కటే మార్చాలి" అన్నాడు.

మూడు వారాల కొట్లాట తర్వాత పెద్దలు కూర్చుని, పరిశోధకుడి మాటే తుది మాటని ఒప్పుకున్నారు. ఆవిష్కరణ సభలో శశిధర్ బిషప్పు గారి పుట్టుక చదివి వినిపించాలి. ముందురోజు శ్రీహరి గారు అతన్ని పిలిపించి పర్మనెంటు ఉత్తర్వు చూపించారు. సంతకమొక్కటే తక్కువ. "పగ్గమని సదువు. సంతకం అయితది."

శశిధర్‌కు నిజం తెలుసు. మఠం రికార్డులో ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని చదవడానికే అతను నాలుగేళ్లు లాటిన్ నేర్చుకున్నాడు.

అతను బయటికి రాగానే కాలేజీ వరండా ఊడుస్తున్న బాలమ్మ చీపురు ఆపింది. "అందరు కొట్లాడుతున్రు గని, ఇంతకు ఆయన ఏం రాసిండు సారూ?"

ఆ మాట అతన్ని అడిగిన మొదటి మనిషి ఆమే. "బిచ్చమడిగేటోడు వస్తె దేవుడు సుత లేచి నిలబడతడని రాసిండు బాలమ్మా."

"మంచిగనే రాసిండు" అని ఆమె ఊడ్చుకుంటూ పోయింది. శశిధర్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

సభలో శ్రీహరి గారు గర్జించారు. "మహనీయులకు కులం లేదు! మతం లేదు! వారు అందరివారు! అటువంటి మహనీయుడు మనవాడు కావడం మన అదృష్టం!" చప్పట్లు ఆగాక శశిధర్ లేచాడు. రికార్డులోని వాక్యం చదివాడు.

"కాన్రాడ్, చెప్పులు కుట్టే హైన్రిచ్ కొడుకు."

మళ్లీ చప్పట్లకు లేచిన చేతులు మెల్లగా జేబుల్లోకి పోయాయి. బీరన్నకు గొర్రెలకు మందు పట్టించాలని గుర్తొచ్చింది. శ్రీహరి గారికి మిల్లు నుంచి ఫోనొచ్చింది. పావుగంటలో ఇరువర్గాలూ ఒకే చాయ్ బండి దగ్గర నిలబడి, ఆ పగ్గం పగ్గం కాదనీ, ఆ కట్టె కట్టె కాదనీ ఏకగ్రీవంగా ఒప్పుకున్నాయి. అంతటి సామరస్యాన్ని ఈ పట్టణం ఎన్నడూ ఎరగదు.

విగ్రహానికి ముసుగు తీయలేదు. మేస్త్రి వచ్చి తల విప్పుకుపోయాడు. ఒళ్లు ఇంకెవరికైనా పనికొస్తుందని అక్కడే ఉంచారు. జూన్‌లో శశిధర్‌కు వర్క్‌లోడ్ లేనందున కొనసాగించలేమని ఉత్తర్వు అందింది. దాని మీద సంతకం ఉంది.

ఇప్పుడతను కోదాడలో ట్యూషన్లు చెప్పుకుంటూ కిరాయి ఇల్లు వెతుక్కుంటున్నాడు. ఇంటివాళ్లు మర్యాదస్తులు. "నీళ్లకి ఇబ్బంది లేదండీ, కరెంటుకి ఇబ్బంది లేదండీ. ఇంతకీ మోతెలో మీ ఇల్లు ఏ వైపండీ?" అని మాత్రం అడుగుతారు.

పాఠకులు అటువంటివారు కారు. బిషప్పు గతికి నొచ్చుకుని, శ్రీహరి గారిని చూసి నవ్వుకుని, ఇంతకూ ఈ శశిధర్ ఎవరో ఎక్కడైనా రాశారేమోనని రెండో పేరా మళ్లీ వెతుకుతున్నది మీరు కానే కాదు.